అవ్వ పేరిటి ధర్మము

యూదుల ధర్మశాస్త్రము ననుసరించి, ఒకరు మరణించినప్పుడు విధిగా దుఃఖము పాటింపవలసినవారు ఏడు తెఱగుల బంధువులు మాత్రమే. తల్లి, తండ్రి, కొడుకు, కూతురు, తోడబుట్టినవాడు, తోడబుట్టినది, కట్టుకొన్న భర్త లేక భార్య. వీరు తాము ధరించిన వస్త్రమును చించుకొని, ఏడు దినములు ఇల్లు కదలక, పొట్టిపీటలమీద కూర్చుండి, పనిపాటలు మాని యుందురు. తొలి భోజనము ఇరుగుపొరుగువారు తెచ్చి పెట్టుదురు. ఈ పట్టికలో మనుమనికి చోటు లేదు, మనుమరాలికిని లేదు. పురిటినాటినుండి ఎత్తుకొని పెంచిన అవ్వ కన్ను మూసినను, ఆ బిడ్డలకు శాస్త్రము విధించిన దుఃఖదినము ఒక్కటియు లేదు. మనలో అమ్మమ్మ పోయిన దౌహిత్రునకు మూడునాళ్ల మైలయైన నున్నది. వారిలో నదియు లేదు.

శాస్త్రము విధింపనంత మాత్రమున దుఃఖము కలుగక మానునా? అవ్వ ఒడి నెఱిగినవా రెవరైనను దీనికి జవాబు చెప్పగలరు. మఱి ఆ దుఃఖమునకు దారి యేది? యూదుల గృహములలో దానికి చిరకాలముగా దొరకిన దారి దానము. అవ్వ పేరిట ఇంత ధనము కూర్చి, ఆమెకు ప్రియమైన యొక సత్కార్యమునకు వినియోగింతురు. తామొక్కరే యిచ్చి యూరకుండక, బంధువుల నడిగి, స్నేహితుల నడిగి, చందాలు ప్రోగుచేయుదురు. ఈ యాచారమును గూర్చి మేము చదివి తెలిసికొన్న సంగతులు మన సోదరీమణులకు రుచించునని తలచి యిచట వ్రాయుచున్నాము.

దానమునకు వారి హీబ్రూ భాషలో త్సెదాకా యని పేరు. ఈ మాటకు మూలమైన ధాతువు న్యాయమును, ఋజువర్తనమును తెలుపును. జాలి యను భావము ఆ మాటలో లేదు. ఉన్నవాడు లేనివాని కిచ్చునది కనికరముచేత గాదు, చెల్లింపవలసినది గనుక చెల్లించుచున్నాడని దాని తాత్పర్యము. మన వాకిట నిలిచిన బిచ్చగాడు సైతము “ధర్మము చేయండి తల్లీ” యనియే గదా పిలుచును! లోకమునంతను భరించు నంతటి పెద్దమాట గుప్పెడు బియ్యమునకును చెల్లుచున్నది. ఒకరినొక రెఱుగని రెండు జాతులవారు ఈ విషయమున ఒక్కతీరుననే తలపోసిరి.

అయితే వారు తలపోయుటతో నిలువక, దానికి కట్టుదిట్టమైన యేర్పాటులు చేసికొనిరి. పూర్వకాలమున వారి యూళ్లలో రెండు ధర్మనిధు లుండెడివి. కుప్పా యను పెట్టెలోనికి ధనము వసూలుచేసి, వారమున కొకసారి, శుక్రవారమునాడు, ఆ యూరి బీదలకు వారమంతయు సరిపడునట్లు పంచెడివారు. తంహూయి యను పళ్లెములో ఏనాటి కానాడు అన్నపానములు ప్రోగుచేసి బాటసారులకును ఆకలిగొన్నవారికిని పెట్టెడివారు. వసూలు చేయుటకు ఇద్దఱికి తక్కువ పోగూడదు. పంచుటకు మువ్వురు కూర్చుండవలెను. ఏలయన, ఎవరి కెంత యని నిర్ణయించుట వ్యాజ్యము తీర్చుట వంటిది. ధనవ్యాజ్యము తీర్చుటకు మువ్వురు న్యాయాధిపతు లుండవలెనని వారి విధి. దానము పుచ్చుకొని బ్రతుకు బీదవాడును తనకు వచ్చినదానిలో కొంత మఱియొకరికి దానము చేయవలెనట. ఈ కడపటి నియమము మాకు మిక్కిలి నచ్చినది. ఇచ్చు గౌరవము ధనవంతునికే యుండి, పుచ్చుకొను దైన్యము బీదవానికే యుండుట న్యాయము గాదని ఈ నియమము చేసినవా రెఱుగుదురు. రాబడిలో పదియవ వంతు ఇచ్చుట సాధారణమార్గమనియు, ఐదవ వంతునకు మించి యిచ్చి తాను బిచ్చమెత్తుకొను స్థితికి రాగూడదనియు వారి పెద్దలు చెప్పిరి. బడిపంతులు జీతములో పదియవ వంతు ముందుగా తీసి ప్రక్కనుంచినచో నెల కడపటి వారమున వంటయింటి డబ్బాలు ఎట్లు మ్రోగునో మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. అయినను ఈ లెక్క బీదసాదలు బ్రతికిన యిండ్లలోనే యెక్కువ శ్రద్ధగా సాగినది.

ఆ శ్రద్ధకు సాక్షి ఒక చిన్న డబ్బి. తూర్పు యూరపు యూదులు మాటలాడు యిద్దిషు భాషలో దానిని పుష్కె యందురు. రేకుతో చేసి, పైన డబ్బు వేయుటకు సన్నని చీలిక విడుతురు. శుక్రవారము ప్రొద్దుగ్రుంకువేళ యింటి యిల్లాలు సబ్బాతు దీపములు వెలిగించుటకు ముందు ఆ డబ్బిలో నొక నాణెము వేయును. దీపము వెలిగిన తరువాత ధనము ముట్టుట నిషిద్ధము గనుక వారములో కడపటి ద్రవ్యకార్యము దానమే యగుచున్నది. ఇల్లాలి చేతినుండి నాణెము తీసికొని డబ్బిలో వేయుటకు బిడ్డలు పోటీపడుదురు. పలువురు యూదుపిల్లలకు అవ్వ యనగా మొదట జ్ఞాపకము వచ్చునది ఈ డబ్బి చప్పుడు. మన పూర్వపు టిండ్లలో వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు తీసి వేఱొక ముంతలో వేయుచుండుట మన పెద్దలకు జ్ఞాపక ముండును. ఆ ముంతయు నీ డబ్బియు ఒక్క యింటి ఆడుపడుచులవలె మాకు తోచుచున్నవి. ఇంటి పెత్తనమంతయు పురుషునిదైన కాలమునందును ఆ రెంటిమీది పెత్తనము ఇల్లాలిది.

ఇచ్చు మొత్తములోను వారి కొక ముచ్చట కలదు. హీబ్రూ అక్షరములకు సంఖ్యావిలువ లున్నవి. మన కటపయాది పద్ధతి నెఱిగినవారికి ఇది వింతగా నుండదు. జీవము అని అర్థమిచ్చు ‘హై’ యను మాటలో హెత్, యోద్ అని రెండక్షరములు. హెత్ ఎనిమిది, యోద్ పది, వెరసి పదునెనిమిది. అందుచేత పోయినవారి పేరిట ఇచ్చునపుడు 18, లేక 36, లేక 180 డాలర్లని యిత్తురు. మృతుల పేరిట ఇచ్చు సొమ్ములో జీవ మను మాటను దాచియుంచుట యన్నమాట. మనము నూటపదార్లు చదివించినపుడు ఆ పైపదాఱు ఎందుకని యడిగినవారికి తలకొక తీరున చెప్పుదుము. వారి పదునెనిమిదికి మాత్రము చిన్నబిడ్డ యైనను కారణము చెప్పగలదు.

మన తద్దినమువంటిది వారికిని గలదు. దానిని యార్ట్‌సైట్ అందురు. అదియు చాంద్రమాన తిథినిబట్టియే వచ్చును. వారి పంచాంగమునను పందొమ్మిది సంవత్సరములకు ఏడు అధికమాసములు పడును. అదారు మాసము రెండుమార్లు వచ్చినయేట తద్దినము ఏ అదారులో పెట్టవలెనని వారి పండితులును వాదించుకొందురు! ఆ తిథినాటి ముందు సాయంకాలము ఒక దీపము వెలిగింతురు. అది మఱునాటి సాయంకాలమువఱకు, ఒక అహోరాత్రము, వెలుగుచుండవలెను. సమాధిమీద పువ్వు లుంచుట వారి యాచారము గాదు. చిన్న గులకరాయి నొకదాని నుంచి వత్తురు. మరణవార్త పత్రికలో ప్రకటించునపుడు, పువ్వులు పంపవలదనియు, ఆ సొమ్మును ఫలానా వైద్యశాలకో పాఠశాలకో అవ్వ పేరిట పంపుడనియు వ్రాయుదురు. సంవత్సరమునకు నాలుగు పర్వదినములలో ప్రార్థనాలయమున జరుగు స్మరణప్రార్థనలోను, పోయినవారి యాత్మకొఱకు దానము చేయుదు నను సంకల్పవాక్యము చేరియున్నది. కావున స్మరణమును దానమును వేఱువేఱు కార్యములుగా వారు తలపరు.

తిథి తెలియనివారి మాట యేమి? ఇది ఉత్త శాస్త్రచర్చ గాదు. 1941 మొదలు 1945 వఱకు నాజీలు సుమారు అరువదిలక్షలమంది యూదులను చంపిరి. అందెందఱో అవ్వలు. వారికి సమాధులు లేవు, పోయిన దినము చెప్పగలవారును లేరు. అట్టివారికొఱకు తెబేతు మాసము పదియవనాడు అందఱును కలిసి ప్రార్థించునట్లు ఇస్రాయేలు దేశపు మతాధికారులు నిర్ణయించిరి. మన మహాలయ అమావాస్య యిట్టిదే గదా. తిథి యెఱుగని పితరులకు ఆనాడే తిలోదకములు. కాని మన యమావాస్య ఊళ్లలో అక్కడొకరు ఇక్కడొకరుగా తప్పిపోయినవారికొఱకు పుట్టినది. ఒక జాతి యంతటికి అట్టి యమావాస్య కావలసి వచ్చుట తలచుకొన్నపుడు కలము సాగదు. గులకరాయి యుంచుటకు చోటులేని ఆ మనుమలకు, అవ్వ పేరు నిలుపుటకు దానమొక్కటే మిగిలినది.

ఇక స్త్రీల సంగతి చెప్పవలసియున్నది. తల్లిదండ్రులు పోయినప్పుడు కొడుకు పదునొకండు నెలలు ప్రార్థనాలయమున కద్దిష్ అను స్తోత్రము పఠించును. అందు చావుమాట యేమియు లేదు, అంతయు దైవస్తుతియే. ఇది పురుషులు చేయవలసిన పని యని పూర్వాచారము. కొడుకులు లేని తల్లి గతి యేమి? పరాయివాని నొకనిని కుదుర్చుకొని చెప్పించెడివారు. మనలో కుమారులు లేనివారు పడు బాధ నెఱిగిన సోదరీమణులకు దీనిని విప్పి చెప్పనేల!

అమెరికాలో బాల్టిమోరు నగరమున 1860వ సంవత్సరమున జన్మించిన హెన్రియెట్టా సోల్డు అనునామె యొక మతగురువు కుమార్తె. తల్లి సోఫీ సోల్డుకు ఎనమండుగురు కుమార్తెలు, కుమారులు లేరు. 1916లో ఆ తల్లి మరణించినప్పుడు, హైమ్ పెరెట్స్ అను కుటుంబమిత్రుడు తాను ఆమెకొఱకు కద్దిష్ చెప్పెదనని ప్రేమతో వర్తమానము పంపెను. హెన్రియెట్టా ఆయనకు వ్రాసిన జాబు నేటికిని యూదుస్త్రీలు చదువుకొనుచున్నారు. ఆమె ఆయన మంచితనమునకు కృతజ్ఞత చెప్పెను, కాని యొప్పుకొనలేదు. తల్లిదండ్రులకు సంఘముతో నుండిన సంబంధమును ఇకమీద నేను నెఱపెదనని బిడ్డ పదిమంది యెదుట తెలుపుటయే కద్దిష్ చెప్పుటలోని యర్థమని ఆమె వాదము. ఆ పని మఱియొకరు చేసిన నెట్లు చెల్లును? గృహకృత్యములవలన స్త్రీలకు తీఱిక లేనపుడు శాస్త్రము వారిని కొన్ని విధులనుండి విడిచినదే గాని, చేయగలిగినప్పుడు చేయవలదని తన యభిప్రాయము గాదని ఆమె వ్రాసెను. తండ్రి పోయిన నాడును తన తల్లి కుమార్తెల చోటును పరాయివారి కీయనొల్లలేదనియు, ఎనమండుగురు ఆడపిల్లలను కన్నందులకు ఆ తల్లి నోట ఒక్క విచారపుమాటయైన తాము విని యెఱుగమనియు తెలిపెను. ఇంత మర్యాదగా, ఇంత దృఢముగా కాదనుట నేర్చిన చేతివ్రాత మేము వేఱొకటి యెఱుగము.

ఆ తల్లీకూతుళ్లే 1909లో పాలస్తీనాకు యాత్ర పోయి యుండిరి. అచట బీదల వీధులలో కనులకు ఈగలు ముసిరి, ట్రకోమా యను కంటిజబ్బుతో చూపు పోగొట్టుకొనుచున్న బిడ్డలను చూచిరి. వృద్ధురాలైన తల్లి, నీ స్త్రీల సంఘము చదువుతో నిలువక ఇట్టి పనికి పూనుకొనవలెనని కుమార్తెతో చెప్పెనట. 1912లో న్యూయార్కులో హెన్రియెట్టా మఱికొందఱు స్త్రీలతో కూడి హదస్సా యను సంఘమును స్థాపించెను. 1913లో రోజ్ కప్లాను, రేచెల్ లాండీ యను నిద్దఱు నర్సులను జెరూసలేమునకు పంపిరి. వారు బాలింతలకు సాయపడుచు, ఇల్లిల్లు తిరిగి బిడ్డల కనులు కడిగి మందు వేసిరి. 1918లో వైద్యులు, నర్సులు కలిసి నలువదిమందికి పైగా పోయిరి. తల్లులకు శిశుపోషణము నేర్పి, మంచిపాలు పంచు స్థానములు వెలసినవి. పాలచుక్క యను పేరు ఆ స్థానములకు నేటికిని నిలిచియున్నది. 1939లో స్కోపసు కొండమీద గొప్ప వైద్యశాల తెఱవబడినది. దీనికంతటికిని కావలసిన ధనము ఒక కోటీశ్వరుడు కుమ్మరించినది గాదు. సహాయము చేసిన ధనికులు లేకపోలేదు. కాని సంవత్సరము సంవత్సరమును చందాపుస్తకము చేతబట్టి యిరుగుపొరుగుల తలుపు తట్టినవారును, కూడి కూర్చుండి దుప్పట్లు, బిడ్డల చొక్కాలు కుట్టి పంపినవారును సామాన్యగృహిణులే.

హెన్రియెట్టా పెండ్లాడలేదు. బిడ్డలను కనలేదు. 1933 తరువాత నాజీలబారినుండి తప్పించి తెచ్చిన వేలకొలది పిల్లల పోషణభారము వృద్ధాప్యమున నామె మీద పడినది. 1945లో షెవాతు మాసము ముప్పదియవనాడు ఆమె గతించెను. ఆ తిథినే ఇస్రాయేలు దేశమున మాతృదినముగా నేర్పఱచిరి. తరువాత దానికి కుటుంబదినమని పేరు మారినది. కనని తల్లి తద్దినము ఊరందఱి తల్లులకు పండుగయైనది!

ఇంతకంటె పూర్వపు అవ్వ నొకామెను గూర్చియు చెప్పవలెను. గ్లికెల్ యను నామె జర్మనీలోని హాంబర్గు నగరపు వర్తకురాలు. పదునలుగురు బిడ్డలను కన్నది. 1689లో భర్త చనిపోగా, నిదురపట్టని రాత్రులలో మనసు మరలించుకొనుటకును, బిడ్డలకు తమ వంశవృత్తాంతము తెలియుటకును తన జీవితకథను యిద్దిషు భాషలో వ్రాయ మొదలిడెను. ముత్యాల బేరము, బిడ్డల పెండ్లిండ్లు, అప్పులు, తెగుళ్లు, అన్నియు నందు గలవు. అందొక పక్షికథ యున్నది. తుపానుగాలిలో తండ్రిపక్షి తన మూడు పిల్లలను ఒక్కొక్కదానిని కాళ్లతో పట్టుకొని సముద్రము దాటించుచు, నేను ముదిసినపుడు నన్నిట్లే మోసెదవా యని యడుగును. మోసెదనని మాటయిచ్చిన మొదటిదానిని అబద్ధమాడితివని నీట విడుచును. రెండవదానికిని అదే గతి. మూడవది, ఆ మాట ఇయ్యలేను గాని, నాకు పిల్లలు పుట్టినపుడు నీవు నాకు చేసినదంతయు వారికి చేసెదనని చెప్పును. దానిని మాత్రము ఒడ్డు చేర్చును. కఠినమైన కథ. పద్నాలుగు కాన్పుల తల్లి గనుక చెప్పగలిగినది. మాతృఋణము తీఱదని మనమును చెప్పుకొందుము. తీఱని ఋణమును ఎటువైపు చెల్లింపవలెనో ఈమె చెప్పినది.

గ్లికెల్ 1724లో కాలము చేసెను. ఆమె గ్రంథము 1896లో అచ్చుపడినది. ఆమె కుటుంబముతో దూరపు బంధుత్వము గల బెర్తా పాపెన్‌హైమ్ అను విదుషి 1910లో దానిని జర్మనుభాషలోనికి మార్చెను. అంతేకాదు, గ్లికెల్ కాలపు దుస్తులు ధరించి ఆమెవలె చిత్రపటము వ్రాయించుకొనెను. ఈ బెర్తాయే 1904లో జర్మనీ యూదుస్త్రీల సమాజమును నెలకొల్పి, 1907లో న్యూ ఐసెన్‌బుర్గు అనుచోట దిక్కులేని బాలికలకును, పెండ్లికాక తల్లులైన అభాగినులకును, వారి శిశువులకును ఒక శరణాలయము తెఱచెను. అట్టివారిని గడపలోనికి రానిచ్చుటయే పాపమని తలచు కాలమది. ఆమె 1936లో గతించెను. 1938 నవంబరులో నాజీలు ఆ గృహమును తగులబెట్టిరి. 1942లో మిగిలినవారిని నిర్బంధశిబిరమునకు తరలించిరి. దానముచేత కట్టిన యిల్లు నిలువక పోవచ్చును. ఈ మాట దాచుటకు మాకు మనసొప్పలేదు.

నేటి మనుమరాండ్రు అవ్వ పేరిట ధనము కూర్చు కార్యములలో ఒకటి మన సోదరీమణులు ప్రత్యేకముగా తెలిసికొనవలసినది. రొమ్మునకు వచ్చు రాచపుండు, అనగా క్యాన్సరు, కొన్ని కుటుంబములలో తరతరములుగా కనబడుచుండును. మేరీ క్లెయిర్ కింగ్ అను శాస్త్రజ్ఞురాలు 1990లో దీనికి కారణమగు జన్యువొకటి పదునేడవ క్రోమోజోముమీద గలదని నిరూపించెను. ఆ జన్యువు 1994లో చేజిక్కినది. మఱియొకటి 1995లో దొరకినది. వీనిని బీఆర్‌సీఏ ఒకటి, రెండు అందురు. ఇవి అందఱిలోను ఉండవలసిన జన్యువులే. అందు దోషము కలిగినపుడే కీడు. తూర్పు యూరపు, మధ్య యూరపు దేశములనుండి వచ్చిన అష్కెనాజీ యూదులలో నలువదిమందికి ఒకరు ఈ దోషము మోయుచున్నారు. దోషము గల స్త్రీలలో నూటికి అరువదిమందికి పైగా జీవితములో నెప్పుడో రొమ్ముక్యాన్సరు రాగలదు. అండాశయపు క్యాన్సరు భయమును కలదు. తల్లికిగాని తండ్రికిగాని యీ దోషమున్నచో ప్రతి బిడ్డకును సగము పాలు వచ్చుట కవకాశము. తండ్రినుండియు వచ్చు నను మాటను పలువురు మఱతురు. కావున అమ్మమ్మ యే జబ్బుతో పోయినదో తెలిసికొన్నంత మాత్రమున చాలదు. నాయనమ్మ సంగతియు నడుగవలెను.

పూర్వము ఆ యిండ్లలో ఈ జబ్బు పేరు పైకి చెప్పెడివారు గారు. అవ్వ చిన్నవయసుననే పోయినదని మాత్రము చెప్పి మాట మార్చెడివారు. ఆ మౌనమువలన మనుమరాలు తన మేనిలోని యపాయమును తెలిసికొనక పోయెడిది. రోషెల్ షోరెట్స్ అను న్యాయవాది యిరువదియెనిమిదేండ్లకే యీ వ్యాధి పాలై, 2001లో తనవంటి స్త్రీలకొఱకు షర్షెరెత్ అను సంస్థ స్థాపించెను. హీబ్రూలో ఆ మాటకు గొలుసు అని యర్థము. ఒక స్త్రీ చేయి మఱియొక స్త్రీ పట్టుకొని నిలువవలెనని ఆమె యుద్దేశము. ఆమె 2015లో మరణించినను సంస్థ సాగుచున్నది. ఇట్టి సంస్థలకును పరిశోధనశాలలకును అవ్వల పేరిట నడకలు నడచి, పరుగులు పరుగెత్తి, రొట్టెలు కాల్చి అమ్మి ధనము పంపువారు వేలకొలది. నడచినందులకు డబ్బేమి యని మనవారు నవ్వవచ్చును. ఇన్ని మైళ్లు నడచెదను, మీరింత యియ్యుడని చుట్టములతో పందెమువలె పలుకుదురు. కొండమెట్లెక్కి మ్రొక్కు చెల్లించువారి మనకు ఇది యంత విడ్డూరము గాదు. ఇక్కడ మెట్లెక్కిన పుణ్యము పరీక్షలకు డబ్బులేని యొక స్త్రీకి చేరుచున్నది. ఈ జన్యుదోషము యూదులకే పరిమితమైనది గాదు. మన దేశపు కుటుంబములలోను కలదు. మన యిండ్లలోను రాచపుండు మాట చెవిలోనే చెప్పుకొందురు. ఆడపిల్ల సంబంధము తప్పిపోవునని భయము. సంబంధము తప్పిన మఱియొకటి వచ్చును; ప్రాణము తప్పిన రాదు.

ధనవంతులు పోయినవారి పేరిట కట్టడములు కట్టుట మన దేశపు యూదులలోను చూడవచ్చును. కలకత్తాలో మాఘెన్ డేవిడ్ ప్రార్థనాలయమును ఎలియాస్ ఎజ్రా యనునాయన తన తండ్రి జ్ఞాపకార్థము 1884లో కట్టించెను. ఆయన భార్య మోజెల్ భర్త పేరిట అచటి వైద్యకళాశాలలో నొక చికిత్సాలయము కట్టించెను. పూనాలో డేవిడ్ సస్సూన్ ఇచ్చిన ధనముతో కట్టి 1867లో తెఱచిన సస్సూను ఆసుపత్రిలో నేటికిని బీదలు చికిత్స పొందుచున్నారు. ఇవి మేలైన పనులు. కాని ఫలకములమీద తండ్రుల పేర్లు, భర్తల పేర్లు కనబడినంత తఱచుగా అవ్వల పేర్లు కనబడవు. అవ్వల పేర్లు నిలుచునది చిన్న నిధులలో.

అట్టి చిన్న నిధులే శాస్త్రసమ్మతమైన గొప్పదానములని చెప్పవచ్చును. పండ్రెండవ శతాబ్దమున ఈజిప్టులో వైద్యుడుగాను మతపండితుడుగాను వన్నెకెక్కిన మైమోనిడీసు దానమునకు ఎనిమిది మెట్లు చెప్పెను. అన్నిటికంటె క్రిందిది మొగము ముడుచుకొని యిచ్చుట. దానికిపైన, తగినంత గాకున్నను నవ్వుమొగముతో నిచ్చుట, ఆపైన, అడిగిన పిదప తగినంత యిచ్చుట, అడుగకముందే యిచ్చుట. ఆపైన, పుచ్చుకొనువానికి ఇచ్చువా డెవరో తెలిసినను, ఇచ్చువానికి పుచ్చుకొనువాడు తెలియకుండుట. కొందఱు పెద్దలు డబ్బు మూటగట్టి భుజముమీదుగా వీపునకు వ్రేలవైచుకొని నడచెడివారట. బీదలు వెనుకనుండి తీసికొనెడివారు, మొగములు కలిసెడివి గావు. ఇంకను పైకి పోగా, బీదకు దాత తెలియకుండుట, ఆపై ఒకరి కొకరు తెలియకుండుట. అన్నిటికంటె పై మెట్టు మాత్రము దానమే గాదు. అప్పుగా నిచ్చియో, పనిలో చేర్చుకొనియో, వ్యాపారమున పాలిచ్చియో అతడు మఱల చేయి చాచనక్కఱలేకుండ చేయుట. న్యూయార్కులో 1892లో పుట్టిన యూదుల ఋణసహాయసంఘము వడ్డీలేని అప్పులు నేటికి నిచ్చుచున్నది.

ఈ పై మెట్టు నింటింటికి దింపినవి గెమఖ్ అను చిన్న సంస్థలు. ఉపకారము అని యర్థమిచ్చు రెండు హీబ్రూ మాటలను కుదించి చేసిన పేరది. జెరూసలేములోను, న్యూయార్కులోని బ్రూక్లినులోను, లండనులోను వీనిని కొల్లలుగా చూడవచ్చును. పోయిన అవ్వ పేరు పెట్టి మనుమరాలు తన యింటి యొక గదిలో నొకటి ప్రారంభించును. చందాలు పోగుచేసి వస్తువులు కొనును, ఎరువడిగినవారికి ఇచ్చును. ఒకచోట వివాహమునకు కుర్చీలు, బల్లలు. ఒకచోట పసిబిడ్డల ఉయ్యెలలు. ఒకచోట రోగులకు చక్రాలకుర్చీలు, చంకకఱ్ఱలు. అర్ధరాత్రమున బిడ్డకు జ్వరము వచ్చిన మందుసీసా యిచ్చు గెమఖులును గలవు; తెల్లవాఱిన తరువాత అట్టి సీసానే కొని తెచ్చి యిచ్చిన చాలును.

అన్నిటికంటె పేరెన్నికగన్నవి పెండ్లికూతురి దుస్తుల గెమఖులు. తెల్లని పెండ్లిగౌను కొనవలెనన్న బీదకుటుంబము అప్పుల పాలగును. పెట్టినది ఒక్కనాడే. అందుచేత పెండ్లి యైపోయిన గౌనులను అడిగి తెచ్చి, కొలతల వరుసను తగిలించి యుంతురు. పెండ్లికూతురు తల్లితో వచ్చి, గదిలో తొడిగి చూచుకొని, నచ్చినది తీసికొనిపోవును. నడుము బిగించుటకు, అంచు దింపుటకు కుట్టువేయవచ్చును గాని కత్తెర వేయరాదు; తరువాతి పిల్ల పొడుగుదై యుండవచ్చును గదా. గౌను చెడకుండ కొంత డబ్బు ముందుగా పుచ్చుకొని, తిరిగి తెచ్చినపుడు ఇచ్చివేయుదురు. ఉదుకుకూలి మాత్రము పెండ్లివారిది. తలుపుదగ్గఱ ఒక రేకుడబ్బి యుండును. అందులో వేసినది కొత్త గౌనులు కొనుటకు పోవును. వేయనివారి నెవరును అడుగరు.